అవతలి అఖాతం నీళ్లు

గురువారం మధ్యాహ్నం రెండూ పది. సాయంత్రం ఐదింటికి సెల్బీ టిజార్డ్ మీద కేసు రాస్తారు, సొంత బావమరిది చావుకి కారకుడని. ఈలోగా డొరీన్ స్నెల్‌గ్రోవ్ చేతిలో ఉన్నవి మూడు గంటలకి పది నిమిషాలు తక్కువ, సముద్ర సూచనల కేంద్రంగా మారిన ఒక పాత బడి, అందులో మాటలు చేదలో నీళ్లంత పొదుపుగా తోడే ఇద్దరు మనుషులు.

పడవ ప్రమాదాలు విచారించడం ఆమెకు ఇరవై ఆరేళ్ల వృత్తి. మంగళవారం నుంచి సరిగ్గా కన్ను మూయలేదు. కిటికీ అవతల పొగమంచు ఎంత దగ్గరగా వచ్చి నిలబడిందంటే, అద్దం తీస్తే గదిలోకి వచ్చి కూర్చునేలా ఉంది. ఎక్కడో దూరంగా పొగమంచు బూర మోగుతోంది. అది మోగినప్పుడల్లా ఆమెకు తాను మేలుకుని ఉందో, నిద్రలో నడుస్తోందో ఒక క్షణం తెలియడం లేదు.

జరిగింది చిన్నదే, చెప్పడానికి. మంగళవారం తెల్లవారుజామున ఐదూ నలభైకి గనెట్ పాయలో 'డోర్కస్ మే' అనే పీతల పడవని సముద్రపు మంచు రెండువైపులా నొక్కి చితక్కొట్టింది. క్లేటన్ వే మునిగిపోయాడు. సరంగు సెల్బీ బతికాడు. మూడింటికి తాను చూసిన సూచనలో పాయంతా నీలంగా, శుభ్రంగా ఉందని సెల్బీ అంటాడు. అదే సూచన ఇక్కడి భాండాగారంలో తీసి చూస్తే పాయంతా తెల్లగా మంచు. సెల్బీ సూచన చూసుకున్న టాబ్లెట్ పడవతో పాటు అడుక్కి పోయింది. ఇక మిగిలింది ఆయన మాట, వీళ్ల బొమ్మ. బొమ్మని కాదని మాటని నమ్మే జడ్జీ ఈ ద్వీపంలో లేడు.

"మళ్లీ చెప్పమ్మాయ్, నాకు బుర్ర తక్కువ," అంది డొరీన్.

ఆల్మా బగ్డెన్ కళ్లజోడు తీసి స్వెటర్ అంచుతో తుడిచింది. ముప్ఫై నాలుగేళ్ల మనిషి. ఏడ్చిన కళ్లు. "మా దగ్గర రెండు గ్రిడ్లున్నాయండీ. ఒకటి పెద్ద సముద్రానిది, ఒక్కో గడి పది కిలోమీటర్లు. రెండోది తీరానిది, గడి అర కిలోమీటరు. మంచు ఎక్కడుందో పెద్దది లెక్కేస్తుంది. చిన్నది దాన్ని తీసుకుని పాయల్లోకీ రేవుల్లోకీ పంచుకుంటుంది. ఏ చిన్న గడికి ఏ పెద్ద గడి నుంచి ఎంత రావాలో ఒక ఫైల్లో ఉంటుంది. వాటాల ఫైలు అంటాం. అది చేసేది నేనే."

"గిన్నెలో సూపు కప్పుల్లోకి పోసినట్టు."

"అంతే. బొట్టు కింద పడకూడదు. కప్పులన్నీ కలిపితే గిన్నెకి సమానం కావాలి. మార్చి పద్నాలుగున చేశాను. మొత్తం పన్నెండో దశాంశం దాకా సరిపోయింది. సంతకం పెట్టాను."

"మరి గరిటె అందని కప్పు ఉంటే?"

ఆల్మా చేతిలో కళ్లజోడు ఆగింది. "ఉంటాయి. పెద్ద గ్రిడ్‌లో ఆ చోటు మొత్తం నేల అని రాసుంటే, దాని కింద పడిన చిన్న నీటి గడికి ఇచ్చేవాడుండడు. దిక్కులేని గళ్ళు అంటాం వాటిని. వాటికి తిన్నగా గీత గీస్తే ఏ నీటి గడి దగ్గరైతే దాని విలువ ఇచ్చేస్తాం."

"గనెట్ పాయలో ఎన్నున్నాయి దిక్కులేనివి?"

"పదిహేడు." ఆమె గొంతు తగ్గింది. "పాయలో ఉన్నవే పదిహేడు."

"మొత్తాలు సరిపోయాయన్నావు. ఆ పదిహేడూ అందులో కలిశాయా?"

"లేదండీ. దిక్కులేనివాటిని పక్కన పెట్టి కూడతాం. ఎప్పుడూ అంతే. కలిపితే మొత్తం సరిపోదు కదా."

డొరీన్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పన్నెండు దశాంశాల దాకా చూసుకునే జనం, ఇంట్లోవాళ్లని లెక్కపెట్టి గుమ్మంలో నిలబడ్డవాళ్లని మర్చిపోయారు. ఆస్పత్రిలో సెల్బీ అన్న మాట ఇప్పుడు మళ్లీ చెవిలో పడింది. ఆ మాట నిన్నటి నుంచి ఆమెను వదల్లేదు.

'రోజూ ఒకటే కల డొరీన్,' అన్నాడాయన. 'మెడలాంటి మన సన్న నేల మీది కొండెక్కి నిలబడతాను. ఇటు చూస్తే మన ట్రినిటీ అఖాతం, అటు చూస్తే ప్లసెన్షియా. ఎవరో రెండింటినీ దుప్పట్లలాగా పట్టుకుని అటుదిటు, ఇటుదటు పరుస్తారు. నేను అరుస్తాను, అది మనది కాదు, అవతలి నీళ్లు అని. క్లేటన్ వినడు.'

మందుల మత్తు అనుకున్నారు నర్సులు. డొరీన్ అనుకోలేదు. ఆమె పుట్టింది ఆ మెడ మీదే. ఆరు కిలోమీటర్ల వెడల్పు నేల, రెండు సముద్రాల మధ్య. చిన్నప్పుడు వంటింటి కిటికీలోంచి ఒక అఖాతం, పడకగది కిటికీలోంచి ఇంకోటి కనిపించేవి. ఏప్రిల్లో ఒకటి మంచుతో తెల్లగా ఉంటే రెండోది నీలంగా తళతళలాడేది.

"అమ్మాయ్, ఆ పదిహేడూ ఎవరి దగ్గర తెచ్చుకుంటున్నాయో చూసి చెప్పు."

ఆల్మా కీబోర్డు దగ్గరికి జరిగింది. అప్పుడే తలుపు కొట్టకుండా తెరుచుకుంది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్?" అన్నాడు కార్పొరల్ ఇయన్ హిస్కాక్. పోలీసు టోపీ మీద పొగమంచు చెమటలా పట్టింది. "తప్పు చేసినవాడే మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మీరేమో ఇక్కడ కూర్చుని కప్పులూ గిన్నెలూ అంటున్నారు. తలుపు బయటికి వినిపిస్తోంది."

"నువ్వు వినడం మొదలెట్టావంటే సగం పని అయినట్టే ఇయన్. కూర్చో."

"నిలబడతాను. ఐదింటికి పనుంది." చేతిలోని కాగితాలు బల్ల మీద పరిచాడు. అతను పనిమంతుడే, అదే గొడవ. "ఒకటి. భాండాగారంలో మంగళవారం తెల్లవారుజాము రెండు గంటల సూచన, సెల్బీ మూడింటికి చూశానంటున్నది. పాయలో మంచు ఉంది. రెండు. ఇవాళ మెషీన్లో నడుస్తున్న వాటాల ఫైలు. మూడు. ఈ అమ్మాయి మార్చిలో సంతకం పెట్టిన ఫైలు. రెండూ మా వాళ్లు పక్కపక్కన పెట్టి చూశారు. అక్షరం తేడా లేదు. ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. మంచుందని సూచన చెప్పింది, సెల్బీ వెళ్లాడు. అంతే కథ."

"సెల్బీ నలభై ఏళ్ల నుంచి ఆ పాయలో వలలు వేస్తున్నాడు. మంచుందని తెలిసి బావమరిదిని తీసుకెళ్తాడా?"

"పీతల కాలం మొదలైన రోజున మనుషులు ఏమైనా చేస్తారు. మా లెస్టర్ని చూడండి. రెండు రోజుల క్రితం అక్కడే మనిషి పోయాడా, ఇవాళ పన్నెండింటికి అదే పాయలోకి పడవ తీశాడు. తమ్ముడని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అయితే వాడు సూచన చూసుకుని మరీ వెళ్లాడు. అదీ తేడా."

డొరీన్ ఏదో అనబోయింది. ఈలోగా ఆల్మా కుర్చీ వెనక్కి జరిగింది.

"గడి నంబరు నాలుగు వేల నూట పదిహేడు," అంది ఆల్మా. ఆమె మొహంలో రక్తం లేదు. "పదిహేడూ ఒకే గడి నుంచి తెచ్చుకుంటున్నాయి. అది ట్రినిటీలో లేదండీ. మెడ దాటి అవతల ఉంది. ప్లసెన్షియా. గీత గీస్తే ఏడు కిలోమీటర్లు. ఇవతలి నీటి గడి ఎనిమిదిన్నర. మధ్యలో నేలుందని గీతకి తెలీదు. నేను చూసుకోలేదు. దేవుడా, నేను చూసుకోలేదు."

సెల్బీ కలలో దుప్పట్లు మార్చిన చెయ్యి ఎవరిదో కాదు, ఈ ఫైలుదే. పెద్దాయన మత్తులో అన్నది అక్షరాలా నిజం. తెర మీద ఆయన చూసింది అవతలి అఖాతం నీళ్లు.

"ఈ వారమంతా ప్లసెన్షియాలో మంచు ఉందా ఇయన్?"

"లేదు. అందరికీ తెలిసిందే."

"అయితే నీ మూడు కాగితాలూ ఒక దాంట్లో ఒకటి ఇమడవు. ఈ ఫైలుతో లెక్కేస్తే పాయ నీలంగానే రావాలి. భాండాగారంలో తెల్లగా ఉంది. ఈ ఆవు ఆ దూడని ఈనలేదు నాయనా. మంగళవారం ఎవరో వాటాలు సరిచేసి, సూచన మళ్లీ నడిపి, పాతదాని మీద కొత్తది పెట్టారు. ఆ తర్వాత ఫైలుని మళ్లీ మామూలుగా సర్దేశారు."

హిస్కాక్ దవడ బిగిసింది. "మీరు నిద్రలేక కలలు కంటున్నారు. ఎవరో అంటే? పేరు కావాలి నాకు. కప్పుల కథతో కోర్టుకి పోతే నవ్వుతారు."

"మెషీన్లో మార్చే హక్కు ఎవరికుంది?"

"నాకు, నా ఫైళ్లు సరిచూసే గస్ గారికి, అంతే," అంది ఆల్మా. "కానీ సరిచేస్తే దాచేదేముందండీ? ఇక్కడ ఎవరు తప్పు చేసినా దాని వంతు దానికుంది." బల్ల చివర ఉన్న చెక్క పక్షి వైపు చూపించింది. ఎర్ర ముక్కు, తెల్ల పొట్ట, మూరెడు ఎత్తు పఫిన్. "సూచన చెడగొట్టినవాళ్ల బల్ల మీదికి ఇది వస్తుంది. ఎవరో ఇవ్వరు, మనమే తెచ్చుకోవాలి. అడుగున పేరు గుర్తూ తారీఖూ చెక్కుకోవాలి. ఇంకొకళ్లు తప్పు చేసేదాకా అది మనల్ని చూస్తూ కూర్చుంటుంది. ఫిబ్రవరి మూడు నుంచి నా దగ్గరే. దాని చూపు భరించలేక గోడకి తిప్పి పెట్టుకున్నా."

"ఇప్పుడు నిన్నే చూస్తోందిగా."

ఆల్మా కనుబొమలు ముడిపడ్డాయి. "అవును. మంగళవారం ఎనిమిదింటికి వచ్చేసరికి ఇటు తిరిగి ఉంది. ఊడ్చేవాళ్లు కదిపారేమో అనుకున్నా. అరగంటకి క్లేటన్ సంగతి తెలిసింది, ఇక బొమ్మ ఎవరికి గుర్తుంటుంది?"

డొరీన్ లేచింది. ముందు పక్షిని ముట్టుకోలేదు. ఆల్మా బల్ల మీద పక్షి పాదం చుట్టూ ధూళి మీద రెండు గుండ్రాలున్నాయి, ఒకదాని మీద ఒకటి వేలెడు తప్పి. అంటే లేపారు, మళ్లీ పెట్టారు. పక్కనున్న రెండో బల్ల గస్ హాలెట్ది. పుస్తకాలు, పెన్సిళ్లు, చెంచా గుచ్చిన ఖాళీ డబ్బా. బల్ల అంచు మీద చిటికెడు లేత చెక్కపొట్టు. పెన్సిలు చెక్కితే రంగు అంచు ఉంటుంది. దీనికి లేదు.

అప్పుడు పక్షిని తలకిందులు చేసింది. అడుగున ఇరవై ఏళ్ల తప్పులు వరసగా చెక్కి ఉన్నాయి. ఆఖరున ఆల్మా గుర్తు, ఫిబ్రవరి మూడు. దాని కింద బొటనవేలంత మేర చెక్క తెల్లగా, కొత్తగా ఉంది. గరుకు కాగితంతో రుద్దారు. పైపైన రుద్దారు పాపం, కంగారులో. జేబులోంచి విచారణ పుస్తకం తీసి పల్చటి కాగితం ఒకటి చింపింది. దాన్ని ఆ తెల్ల మచ్చ మీద పరిచి పైన పెన్సిలు ములుకుతో మెల్లగా రుద్దింది. నీళ్లలోంచి మొహం పైకి తేలినట్టు అక్షరాలు తేలాయి.

జి. హెచ్. ఏప్రిల్ తొమ్మిది.

"మంగళవారం," అంది డొరీన్. "ఆయన్ని పిలువు."

గస్ హాలెట్ వచ్చాడు. అరవై రెండేళ్లు, ఉతికి ఉతికి మెత్తబడ్డ చొక్కాలాంటి మనిషి. నిన్న సెల్బీకి ఆస్పత్రికి బఠానీ సూపు పట్టుకెళ్లింది ఈయనే. కుడి బొటనవేలికి పట్టీ ఉంది.

"మంగళవారం ఎన్నింటికి వచ్చారు గస్ గారూ?"

"ఎనిమిది. ఎనిమిది దాటి ఉంటుంది. పొగమంచు కదా, బండి నెమ్మదిగా నడిపాను."

"మంగళవారం పొగమంచు లేదు. నైరుతి గాలి. ఆకాశం కడిగినట్టుంది. పొగమంచు ఇవాళ మధ్యాహ్నం గాలి ఈశాన్యానికి తిరిగాక వచ్చింది. వేలికి ఏమైంది?"

"డబ్బా మూత," అన్నాడాయన. చెయ్యి జేబులోకి పోయింది.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాను. వేలు దాచుకోవడం ఇప్పుడే చూస్తున్నా." డొరీన్ గొంతు పెంచలేదు. పెన్సిలు రుద్దిన కాగితం ఆయన ముందు పెట్టింది. "ఎన్నింటికి వచ్చారు?"

గస్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు, ఎవరూ కూర్చోమనకుండానే.

"ఐదున్నరకి," అన్నాడు. "నిద్ర పట్టదు నాకు. తొందరగా వచ్చి ఉపగ్రహం బొమ్మ చూస్తూ టీ తాగుతాను. ఐదూ యాభై ఐదుకి గనెట్ పాయలో మంచు కనిపించింది. మన తెర మీద నీళ్లు. వెతికితే వాటాల్లో దొరికింది. పదిహేడు గళ్ళు. ఆరూ పదికి సరిచేశాను, సూచన మళ్లీ నడిపాను, ఆరూ ఇరవై ఐదుకి పాతదాని మీద పెట్టాను. ఎప్పుడూ చేసేదే, అందులో దాపరికం లేదు. చెడ్డ సూచన ఎవరి కంటా పడకూడదని."

"పక్షి?"

"ఆల్మా చేసిన ఫైలు సరిచూసి ఒప్పుకున్నది నేనే కదా. తప్పు నాది. తెచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను. చెక్కుతుంటే వేలు తెగింది, నవ్వుకున్నాను కూడా. ఈల వేస్తూ చెక్కానమ్మా. అక్కడ క్లేటన్ అప్పటికే..." ఆయన పక్షి వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు. "ఏడూ ఐదుకి రేడియోలో చెప్పారు."

"అప్పుడు భయమేసింది."

"నా తప్పుకి మనిషి పోయాడు. నేను సరిచేశానని తెలిస్తే తప్పుందని తెలిసిపోతుంది. సరిచేయనట్టు ఉండాలి. అక్షరాలు రుద్దేశాను. పక్షిని ఆల్మా బల్ల మీద పెట్టేశాను. భాండాగారంలో మంచుంది కాబట్టి మమ్మల్నెవరూ అనరు అనుకున్నాను. సెల్బీ మీదికి పోతుందని అప్పుడు తట్టలేదు. తట్టాక నోరు రాలేదు. సూపు పట్టుకెళ్లాను. ఆయన నాకు థాంక్స్ చెప్పాడమ్మా." ఆయన భుజాలు కదిలాయి.

డొరీన్‌కి కోపం వచ్చింది, జాలి వచ్చింది. ఏది ముందొచ్చిందో ఆమెకే తెలియలేదు. అలవాటు మనిషిని ఎంత నిజాయితీగా పట్టిస్తుందో. నవ్వుకుంటూ చెక్కిన ఆ రెండక్షరాలు లేకపోతే సెల్బీ జైలుకి పోయేవాడే.

"విన్నావా ఇయన్? ఐదింటి పని మానుకో."

హిస్కాక్ పుస్తకంలో రాసుకుంటున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, ఒప్పుకోవడం అతనికి పంటి కింద రాయి. "సంతకం పెట్టించండి. సెల్బీ దగ్గరికి నేనే వెళ్తాను. నా మాట నేనే వెనక్కి తీసుకోవాలి కదా."

మూడూ ఐదు. పని అయిపోయింది. ఇంటికెళ్లి పడుకోవచ్చు. పొగమంచు బూర మోగింది. డొరీన్ కళ్లు మూతలు పడుతుండగా సెల్బీ కొండ మీద నిలబడి చెయ్యి ఊపుతున్నట్టు అనిపించింది. ఇంకా అరుస్తూనే ఉన్నాడు. అది మనది కాదు. ఎందుకు ఇంకా అరుస్తున్నాడు?

ఆమె కళ్లు తెరిచింది.

"గస్ గారూ. సరిచేయనట్టు ఉండాలన్నారు. అక్షరాలు రుద్దారు. ఫైలుని ఏం చేశారు?"

"ఆల్మా పాత ఫైలు మళ్లీ పెట్టాను. సంతకం పెట్టినదానితో సరిపోవాలని."

"ఎప్పుడు తీసేశారు దాన్ని?"

ఆయన ఆల్మా తెర వైపు తిరిగాడు.

"అక్షరం తేడా లేదు," అన్నాడు హిస్కాక్, తనలో తాను. "ఇవాళ నడుస్తున్న ఫైలు." తన కాగితం తనే మళ్లీ చదువుకున్నాడు.

ఆల్మా అప్పటికే తెర తిప్పింది. గురువారం పన్నెండు గంటల సూచన. గనెట్ పాయ నీలంగా, అందంగా, పసిపిల్ల గీసిన బొమ్మలా ఉంది. నిన్న నైరుతి గాలికి మంచు బయటికి పోయింది, తప్పు ఎవరికీ కనిపించలేదు. ఇవాళ గాలి తిరిగింది. పక్కన ఉపగ్రహం బొమ్మ తెరిచింది. పొగమంచు సందుల్లోంచి పాయ నోటి దగ్గర తెల్లటి నాలుక ఒకటి లోపలికి చాచుకుని ఉంది.

డొరీన్ తీర రక్షణ దళానికి ఫోన్ తిప్పింది. పడవ పేరు అడిగారు. ఆమె హిస్కాక్ వైపు చూసింది. అతను వినడం లేదు. రెండు చేతులా తన ఫోన్ పట్టుకున్నాడు. గదిలో అందరికీ అది మోగడం వినిపిస్తోంది. ఒకటి, రెండు, ఐదు, ఏడు.

"చెప్పు అన్నయ్యా," అంది ఒక హుషారైన గొంతు. "తిట్టడానికే అయితే తర్వాత చెయ్యి. నీళ్లు అద్దంలా ఉన్నాయి ఇక్కడ. పది అడుగుల అవతల ఏమీ కనపడదనుకో, అయినా ఎంత ప్రశాంతంగా ఉందో."

"లెస్టర్, ఇంజన్ తిప్పు. ఇప్పుడే. ఒడ్డుకొచ్చెయ్."

"ఏమైంది నీకు? ఉండు ఒక్క నిమిషం." గొంతు ఫోన్‌కి దూరం జరిగింది, మళ్లీ దగ్గరికొచ్చింది. ఇప్పుడు హుషారు లేదు.

మంచు పడవని నొక్కే ముందు ఏం విన్నావని ఆస్పత్రిలో డొరీన్ సెల్బీని అడిగింది. ఆయన చెప్పిన జవాబు ఆమె ఎవరికీ చెప్పలేదు, కాగితం మీదా రాయలేదు. సాక్ష్యానికి పనికిరాదని. అదే జవాబు ఇప్పుడు ఫోన్‌లోంచి వినిపించింది.

"అన్నయ్యా," అన్నాడు లెస్టర్, "పడవ పక్కన ఎవరో గుమ్మం ఊడుస్తున్నట్టు చప్పుడవుతోంది."